మోకాలి లోతు పాఠం

పిల్లల్ని నది దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు నాది ఒకటే షరతు. నీళ్ళు మోకాలు దాటకూడదు. ఎవరి మోకాలు అన్నది పెద్ద తగువు. ఎనిమిదో తరగతిలో నా భుజం దాటినవాళ్ళూ ఉంటారు, నా మోచేతి దగ్గర ఆగిపోయినవాళ్ళూ ఉంటారు. చివరికి క్లాసులో అందరికంటే పొట్టిపిల్ల మోకాలే కొలత అని తేల్చాం. ఇక చూడండి, ఆ రోజంతా ఆ పిల్ల మహారాణిలా తిరిగింది. ఆవిడగారు ఎక్కడ ఆగితే గోదావరికి అక్కడే హద్దు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కరోనా రెండేళ్ళు తీసేస్తే పద్నాలుగేళ్ళుగా ఏటా ఒకసారి ఈ పని చేస్తున్నాను. సంక్రాంతి వెళ్ళిపోవాలి, పరీక్షల హడావిడి మొదలవకూడదు, నది బాగా తగ్గి ఇసుక మేటలు బయటపడాలి. ఈ మూడూ కలిసొచ్చేది ఫిబ్రవరిలో. అందులోనూ రెండో శనివారం. సెలవు రోజున పిల్లలు వస్తారా అని మొదట్లో స్టాఫ్‌రూములో అనుమానపడేవారు. పిల్లలు ఎప్పుడూ వచ్చారు. తోడు రావడానికి ఒక టీచర్ని ఒప్పించడమే ఏటా నాకు తలకు మించిన పని.

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయాక మావైపు అనుమతి పత్రం మీద సంతకం అంత తేలిగ్గా పడదు. పడకపోవడాన్ని నేను తప్పుపట్టను. ఈసారి ఒక కుర్రాడి నాయనమ్మ కాగితం చేత్తో పట్టుకుని స్కూలుకే వచ్చేసింది. “గోదారి తల్లేనండి, కాదన్ను. తల్లికి మాత్రం కోపం రాదేంటండి?” అంది. బోటు ఎక్కేది లేదని, మోకాలు దాటేది లేదని, ఎనిమిదిమంది పిల్లలకి ఒక పెద్దమనిషి చొప్పున ఒడ్డున కాపలా ఉంటారని చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసి వేలిముద్ర వేసింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, “మోకాలి లోతులో ఏం చదువుంటదండీ?” అని ఒక మాట వదిలి పోయింది.

నిజమే, ఏముంటుంది? మొదటి ఏడాది నాకూ తెలీదు. అప్పుడు నేను చేసిన నిర్వాకం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. థర్మోకోల్ అట్ట మీద ఆహారపు గొలుసు అతికించి పట్టుకెళ్ళాను. నాచు, నాచుని తినే పురుగు, పురుగుని తినే చేప, చేపని తినే పక్షి. నదికి వీపు పెట్టి నిలబడి నలభై నిమిషాలు చెప్పాను. పిల్లలు నన్ను కాకుండా నా తల మీదుగా ఎటో చూస్తున్నారు. రెండుసార్లు కసిరాను. మూడోసారికి ఒక అమ్మాయి భయపడుతూనే వేలు చూపించింది. నలుపూ తెలుపూ లకుముకి పిట్ట ఒకటి నీళ్ళ మీద గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, రాయి పడ్డట్టు పడి, ముక్కున చేపతో లేచింది. అట్ట మీద అతికించిందంతా నా వెనకాల జరుగుతోంది, నేను అడ్డంగా నిలబడి ఉన్నాను. ఆ అట్ట బస్సు సీటు కిందకి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

పర్యావరణాన్ని బళ్ళలో పాఠంగా చెప్పాలని ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే అంది. 2003లో మరోసారి గట్టిగా చెప్పింది. కోర్టు చెప్పింది కాబట్టి పుస్తకంలో చేరింది, పుస్తకంలో చేరింది కాబట్టి పరీక్షలో చేరింది. 2020 జాతీయ విద్యావిధానం పై తరగతుల పిల్లలకి పుస్తకాల సంచీ లేని పది రోజులు అంది. మంచిదే. సంచీ ఇంట్లో వదిలేసి వచ్చినా, టీచరు నోరు మాత్రం టీచరుతోనే వస్తుంది. నా బాధంతా దానితోనే.

ఇప్పుడు నేను పట్టుకెళ్ళే సరంజామా ఒక గోనెసంచిలో పడుతుంది. నాలుగేసి మీటర్ల నులకతాడు ముక్కలు, తెల్ల ప్లాస్టిక్ బేసిన్లు రెండు, ఇనపచువ్వకి పాత దోమతెర కుట్టి చేసిన వల, భూతద్దాలు, మా ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు కుర్రాడు అరువిచ్చిన టీడీఎస్ మీటరు, ఒక డజను నారింజపళ్ళు. పులిహోర, పెరుగన్నం పిల్లల క్యారేజీల్లో ఉంటాయి. బ్యానరు కూడా ఉంటుంది లెండి. అది నది కోసం కాదు, ఫొటో కోసం.

ఈ ఫిబ్రవరి 10న ముప్ఫై ఇద్దరు పిల్లలతో పొద్దున్న ఎనిమిదికి ధవళేశ్వరంలో దిగాం. మామూలుగా బడి యాత్ర అంటే కాటన్ మ్యూజియం చూపించి, ఐస్‌క్రీములు కొనిపెట్టి, ఇంటికి చేర్చడమే. మేం మ్యూజియంలోకి తరవాత వెళ్దామని బ్యారేజీ ఎగువన నీళ్ళంచుకి నడిచాం. దారిలో ఒక కుర్రాడు ఆగిపోయాడు. వాళ్ళది చేపలు పట్టే ఇల్లు. వలలు, చేపలు, పురుగులు అంటే వీడే అందరికీ నేర్పుతాడని నేను ముందే లెక్కేసుకుని ఉన్నాను. దోమతెర వల చేతికివ్వబోతే పుచ్చుకోలేదు. “ఇంటికాడ రోజూ అదే కదా టీచర్” అన్నాడు. వాడి కళ్ళు గేట్ల మీద ఉన్నాయి. ఎన్ని గేట్లు, ఎవరు ఎత్తుతారు, చేత్తోనా మోటారుతోనా, ఇప్పుడు ఎన్ని తెరిచి ఉన్నాయి?

చేపలు పట్టేవాళ్ళ పిల్లాడు చేపల గురించే మాట్లాడాలని నాకెందుకనిపించిందో! నా కొడుకు ఎవరింటికెళ్ళినా జీవశాస్త్రం మాట్లాడాలని ఎవరైనా అనుకుంటే నాకెలా ఉంటుంది?

కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ దాని స్థానంలో తరవాత కట్టినది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు, మొత్తం 175 గేట్లు. మావాళ్ళు ఇప్పటికీ ఆనకట్ట అనే అంటారు. ఆ నాలుగింటిలో మాకు కనిపిస్తున్న ముక్కలో ఒక్క గేటూ ఎత్తి లేదు. రెండో పంట దాళ్వా నడుస్తోంది, నీళ్ళన్నీ కాలువలకే. వాడు ఒడ్డున రాయి మీద కూచుని ఎన్ని కనిపిస్తే అన్ని గేట్లు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకున్నాడు. “మరి పులస వస్తే గేటెవరు తీస్తారు టీచర్?” అని ఒక అమ్మాయి అడిగింది. అంతా నవ్వారు. నవ్వాల్సిన ప్రశ్న కాదది. జూలై, ఆగస్టుల్లో ఎర్రనీరు దిగగానే గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కే చేప. ఉప్పునీళ్ళలో ఉన్నంతకాలం ఇలస, గోదారి నీళ్ళు తాగాక పులస. దాని ప్రయాణం ఇప్పుడు ఈ గోడ కిందే ఆగిపోతుంది. జవాబు గేట్ల కుర్రాడే ఇచ్చాడు, తల తిప్పకుండా. “దాన్ని మా నాన్నోళ్ళు ఇక్కడిదాకా రానిస్తే కదా!”

ఇక తాడు. ఒక్కొక్క జట్టు నులకతాడుతో ఇసుక మీద, నీళ్ళంచున మీటరు చదరం గీసుకోవాలి. దాని చుట్టూ కూర్చోవాలి. ఇరవై నిమిషాలు మాట్లాడకూడదు. అందులో ఏముంటే అది రాయాలి, పేరు తెలియకపోతే బొమ్మ వెయ్యాలి. మొదటి అయిదు నిమిషాలు నరకం. “ఏం లేదు టీచర్, ఇసకే” అని నాలుగు వైపుల నుంచీ. నేను ఆ ఇరవై నిమిషాలూ నోట్లో లవంగం వేసుకుంటాను. అది ఉన్నంతసేపూ మాట్లాడననే మొక్కు. ఆ చదరంలో ఒక పీత కన్నం నాకు కనిపిస్తూనే ఉంటుంది. చెప్పెయ్యాలని నాలుక దురద పెడుతుంది. ఏడో నిమిషానికి ఎవరో చీమల్ని చూస్తారు. చీమ దేన్నో లాక్కుపోతుంది. దాని వెంట చూపు పోతుంది. నత్త పాకిన గీత కనిపిస్తుంది, పిట్ట కాలిముద్ర కనిపిస్తుంది, ముద్ర దగ్గర గీత ఆగిపోయి ఉంటుంది. “నత్తని తినేసింది!” అని కేక. అక్కడితో మౌనవ్రతం ఆఖరు, కానీ ఇక నేను తోసే పని లేదు.

ఈసారి పొట్టిపిల్ల జట్టు చదరంలో ఒక జమ్ము కాడ నిలబడి ఉంది. దానికి ఎండిపోయిన పురుగు డొల్ల ఒకటి కరుచుకుని ఉంది. ఆరు కాళ్ళూ ఉన్నాయి, కళ్ళ బుడిపెలు ఉన్నాయి, వీపు నిలువునా చీలి ఉంది, లోపల ఏమీ లేదు. చచ్చిపోయిందని ఒకరు, సాలీడు పీల్చేసిందని ఒకరు. లవంగం అయిపోయింది కాబట్టి ఒక్కమాట అన్నాను. “ఆ చీలికలోంచి ఎవరో బయటికి పోయారు.” ఆ ఎవరో తూనీగ అని తేలడానికి పావుగంట పట్టింది. తోకకి దారం కట్టి ఎగరేసిన తూనీగ చిన్నప్పుడంతా నీళ్ళ అడుగున బతికిందంటే వాళ్ళు నమ్మలేదు. వలతో జమ్ము మొదట్లో గాలిస్తే రెండు బతికున్న పిల్లలు దొరికాయి. తెల్ల బేసిన్లో వేశాం. తూనీగ పిల్లకి మొప్పలు పొట్ట చివర, లోపల ఉంటాయి. నీళ్ళని వెనకనుంచే పీల్చి వెనకనుంచే వదులుతుంది. బెదిరిస్తే ఆ నీటిని ఒక్కసారిగా చిమ్మి ముందుకి దూసుకుపోతుంది. “అయితే అది ఊపిరి తీసుకునేదీ...” అని ఒకడు మొదలెట్టి పూర్తి చెయ్యలేక పడీపడీ నవ్వాడు. ముప్ఫై ఇద్దరూ నవ్వారు. శ్వాసక్రియ పాఠానికి ఇంతటి స్పందన క్లాసులో నేనెప్పుడూ చూడలేదు. ఈ జాతిలోనే ఒకటి రెక్కలొచ్చాక హిందూ మహాసముద్రం మీదుగా ఆఫ్రికా దాకా వెళుతుందన్న సంగతి అప్పుడు చెప్పలేదు. బస్సులో చెప్పాను. ఒక్కసారిగా అన్నీ పెడితే ఏదీ అరగదు.

రెండో బేసిను ఊరి మురుగు వచ్చి కలిసే చోట నింపాం. అక్కడ పిల్లల్ని దింపను, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని నేనే దిగుతాను. రెండు బేసిన్లూ పక్కపక్కన పెట్టి దూరం జరిగాను. మొదటిదాంట్లో తూనీగ పిల్లలు, ఇంత రొయ్యపిల్ల, గట్టురాయి కింద దొరికిన మేఫ్లై పిల్ల. తోక చివర మూడు వెంట్రుకలుండే ఆ పురుగుకి మావాళ్ళు అక్కడికక్కడే ‘మూడుతోకలది’ అని పేరు పెట్టేశారు. పొట్టకి రెండువైపులా దాని మొప్పలు ఈకల్లా ఆడుతూనే ఉంటాయి. రెండోదాంట్లో బురద, ఆ బురదలో మెలికలు తిరిగే ఎర్రటి పురుగులు, అవి తప్ప ఏమీ లేవు. ఎర్రగా ఎందుకున్నాయి అన్నది వాళ్ళ ప్రశ్న. మన రక్తాన్ని ఎర్రగా చేసే హీమోగ్లోబినే వాటి ఒంట్లోనూ ఉంది. నీళ్ళలో ప్రాణవాయువు అడుగంటినా అది పట్టి దాచిపెడుతుంది. మూడుతోకలదానికి ఆ ఏర్పాటు లేదు, అందుకే అది ముందు పోతుంది. కాలుష్యం అన్న మాట నేను వాడలేదు. ఒక అమ్మాయి మాత్రం రెండో బేసిన్ను కాసేపు చూసి, “మా వీధి కాలవ కూడా దీంట్లోకే వస్తదా టీచర్?” అంది. ఎక్కడికి వస్తుందో సోమవారం నడిచి చూసి రమ్మన్నాను.

అక్కడ దిగిన ఒక నత్తగుల్ల కొంగ గురించి రాయకపోతే పిల్లలు ఊరుకోరు. పెద్దయ్యాక ముక్కు రెండు దవడల మధ్యా సందు ఏర్పడే పక్షి అది. నోరు మూసినా మూసుకోదు. అందరూ ఒక్కసారి దాన్ని చూసి, ఆ తరవాత నన్ను చూశారు.

ద్రాక్షారామం మీదుగా యానాం వైపు వచ్చేసరికి రెండు దాటింది. ఊరికి కాస్త ఎగువన, ఒక పాకల రేవు దగ్గర భోజనాలు చేసి, గౌతమి ఒడ్డున ఒక చోట కుదురుకున్నాం. ఈ రెండో మజిలీ నాకూ కొత్తే. ఏటా నది వేగం ధవళేశ్వరంలోనే కొలిపించేదాన్ని. పది మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతడం, నారింజపండు వదలడం, ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టడం. నారింజ సగానికి పైగా మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని అంతగా తొయ్యదు. ఈసారి గేట్ల ఎగువన నీళ్ళు నిలబడి ఉన్నాయని ఆ పని ఇక్కడికి వాయిదా వేశాను. పిల్లలకిచ్చిన కాగితం మాత్రం పాతదే. అందులో ‘ప్రవాహ దిశ: సముద్రం వైపు’ అని ముందే అచ్చయి ఉంది. ఎంత పండితురాలినో చూడండి, నదిని అడక్కుండానే జవాబు రాసుకుని తెచ్చాను.

మొదటి నారింజ కదల్లేదు. పిల్లలు సెకన్లు లెక్కపెట్టి పెట్టి అలిసిపోయారు. రెండోది కాసేపు తచ్చాడి, నెమ్మదిగా, సిగ్గుపడుతున్నట్టు, ఎగువకి బయల్దేరింది. కర్రలు తప్పు పాతామన్నారు. గాలి అన్నారు. నిజానికి పైరగాలి వస్తోంది కూడా. పొట్టిపిల్ల ఒక నీళ్ళ సీసాని మెడదాకా నింపి, మూత బిగించి వదిలింది, గాలికి అందకుండా. అదీ ఎగువకే. అప్పటికి వేగం కూడా వచ్చింది. అందరూ నా వంక చూశారు. లవంగాలు అయిపోయాయి, నేను నోరు నొక్కుకున్నాను.

రేవులో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చాలాసేపటి నుంచి ఇదంతా చూస్తూ ముసిముసిగా నవ్వుకుంటున్నాడు. చివరికి ఉండబట్టలేక, “పోటండీ అది, పోటు. ఇయ్యాల తిథేంటో చెప్పండి చూద్దాం” అన్నాడు. ముప్ఫై ఇద్దరిలో ఒక్క పిల్లకి తెలుసు. ముందురోజు వాళ్ళింట్లో అందరూ చొల్లంగి అమావాస్య స్నానానికి వెళ్ళొచ్చారు. “అమాస ఎల్లిన మర్నాడు. అందుకే ఇంత ఊపు. అట్టమికైతే ఇంత ఉండదు” అన్నాడాయన. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, ఇవాళ్టి కంటే రేపు రమారమి గంట ఆలస్యంగా వస్తుందన్నాడు. మా పుస్తకంలో అది 50 నిమిషాలు. పుస్తకం గెలిచిందని నేననుకోను. ఆయన తిథి చెబితే గడియారం లేకుండా పోటు వేళ చెప్పేస్తాడు, నేను పుస్తకం పక్కన పెట్టుకుని కూడా చెప్పలేను.

ఆయన ఒంగి దోసెడు నీళ్ళు తీసుకుని నాలిక్కి తగిలించుకుని, “ఉప్పు దిగింది” అన్నాడు. నేను గాభరాగా మీ పని కాదని పిల్లల్ని ఆపి, టీడీఎస్ మీటరు ముంచాను. అంకె నిలబడటం లేదు. చూస్తుండగానే పెరుగుతోంది. పొద్దున్న ఎగువన ముంచినప్పుడు చటుక్కున ఒకచోట ఆగి కూర్చున్న మీటరు ఇదే. పిల్లలు మీటరు చుట్టూ క్రికెట్ స్కోరుకి మూగినట్టు మూగారు. నీళ్ళంచున బురదలో ఒకడి కాలు దిగబడి, పైకి లాగేసరికి కుళ్ళిన కోడిగుడ్డు కంపు లేచింది. గాలి చొరబడని బురద వాసన అది. మడ చెట్లు ఊపిరి కోసం వేళ్ళని మేకుల్లా పైకి ఎందుకు పొడుస్తాయో ఆ కంపుతో తెలిసినట్టు దేనితోనూ తెలియదు. ఒక ఏడాది కోరింగ అభయారణ్యానికి తీసుకెళ్ళాను. అడవి గొప్పదే. చెక్కల బాట మీద మాత్రం కాలికి బురద అంటదు. పిల్లలు సెల్ఫీలు దిగి వచ్చారు.

“ఇంత పైదాకా ఎందుకొస్తుంది తాతా? గోదారి తొయ్యదా?” అని ఎవరో అడిగారు. పెద్దాయన వల మీంచి తలెత్తేలోపు వెనక నుంచి గేట్ల కుర్రాడి గొంతు. “తొయ్యడానికి నీళ్ళేవీ? పొద్దున్న గేట్లన్నీ మూసే ఉన్నాయిగా.”

నోటుబుక్కు తీసి లెక్క చూపించాడు. తను లెక్కపెట్టినవన్నీ వరసగా రాసి, ఎదురుగా ‘మూత’ అని ఒకే మాట కిందిదాకా గీత కొట్టి ఉంది. త్రయంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచొచ్చిన నది దాళ్వా చేలల్లోకి పోయింది. ఇక్కడ సముద్రానికి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. పొద్దున్న మజిలీకీ మధ్యాహ్నం మజిలీకీ ముడి నేను వెయ్యలేదు. సరిగ్గా చెప్పాలంటే నాకే అప్పటిదాకా తోచలేదు. నాకు తెలిసినవన్నీ విడివిడిగానే తెలుసు, దాళ్వా వేరే, పోటు వేరే. పెద్దాయన వాణ్ణి ఎగాదిగా చూసి, “ఎవరబ్బాయివిరా నువ్వు?” అన్నాడు. వాడు తండ్రి పేరు చెప్పాడు. పెద్దాయనకి ఆ పేరు తెలుసు. ఆ తరవాత ఇద్దరూ మమ్మల్నందర్నీ మరిచిపోయి పైనుంచి నీళ్ళొదిలితే ఏ చేప ఎక్కడ తగులుతుందో మాట్లాడుకోవడం మొదలెట్టారు. పొద్దున్న వల ముట్టుకోనన్న కుర్రాడే.

బస్సెక్కేముందు కాగితాలు వసూలు చేశాను. సగం మంది ‘సముద్రం వైపు’ అన్న అచ్చుమాటని కొట్టేసి ‘ఎగువకి’ అని రాశారు. కొందరు కొట్టెయ్యకుండా పక్కన రాశారు. పొట్టిపిల్ల రెండు బాణాలు గీసి, ఒక్కొక్క బాణం కింద వేళ వేసింది. సముద్రం వైపు బాణం కింద వేళ లేదు, ప్రశ్నార్థకం ఉంది. ఆ వైపు పారడం తను చూడలేదు కాబట్టి.

ఏప్రిల్లో వార్షిక పరీక్షలయ్యాయి. పేపర్లు దిద్దుతున్న మా సోషల్ మాస్టారు ఒక జవాబు పత్రం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. గోదావరి ఏ దిశగా ప్రవహిస్తుంది అన్న ఒక మార్కు ప్రశ్నకి ఎవరో, “తూర్పుకి. యానాం దగ్గర పోటప్పుడు వెనక్కి” అని రాశారు. ఇది మీ చలవేనా అన్నారు. అవునన్నాను. తప్పంటే తప్పు కాదు, కీలో మాత్రం లేదు, ఎంత వెయ్యమంటారు అన్నారు. చూసింది రాసింది, పూర్తి మార్కు వెయ్యమన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఆలోచించి, అర మార్కు వేశారు. మిగతా అర మార్కు కోసం వచ్చే ఫిబ్రవరిలో ఆయన్ని కూడా బస్సెక్కిస్తున్నాను.